ఢిల్లీ–టోక్యో: ఒకే దారి, రెండు దూరాలు

ఢిల్లీ నుంచి టోక్యో ఎంత దూరమని కంప్యూటర్‌ని అడిగితే 5,860 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఒక అంకె చూపిస్తుంది. పెద్ద జెట్ విమానం పైఎత్తుకు చేరాక గంటకు సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే ఆరున్నర గంటలు వస్తుంది. విమాన సంస్థల టైమ్ టేబుల్ మాత్రం ఈ లెక్కకు లొంగదు. ఢిల్లీలో బయలుదేరిన విమానం టోక్యో చేరడానికి సుమారు ఏడున్నర నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. టోక్యో నుంచి ఢిల్లీకి తొమ్మిదిన్నర గంటలకు అటూ ఇటూ పడుతుంది. ఊళ్లు అవే, విమానం అదే, ఇంజన్లు అవే, అయినా పోవడానికీ రావడానికీ మధ్య రెండు గంటల దాకా తేడా. రెండు ఊళ్ల మధ్య దూరానికి ఒకే అంకె ఉంటుందనీ, కాలం ఆ అంకెను బట్టే తేలుతుందనీ చిన్నప్పటి నుంచి నేర్చుకున్న లెక్క ఇక్కడ ఎందుకు పనిచేయదు? మనం చెప్పుకునే దూరం నేలది, విమానం ప్రయాణించేది గాలిలో. ఆ గాలి కదలకుండా నిలిచి ఉండదు. విమానానికి సంబంధించినంత వరకు రెండు నగరాల మధ్య దూరం దిక్కును బట్టీ, రుతువును బట్టీ, తెరిచి ఉన్న దారిని బట్టీ మారుతుంది. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో ఢిల్లీ–టోక్యో మార్గం మీదే పరీక్షించి చూడవచ్చు.

ముందు నేల మీది దూరం సంగతి తేల్చుకోవాలి. గోళం మీద రెండు బిందువుల మధ్య అన్నిటికన్నా దగ్గరి దారి మహావృత్తపు చాపం. అంటే భూకేంద్రం గుండా, ఆ రెండు ఊళ్ల గుండా పోయేలా ఒక తలంతో భూగోళాన్ని కోస్తే ఉపరితలం మీద పడే గీత. గోడకు వేలాడదీసే పటం మీద ఢిల్లీనీ టోక్యోనీ స్కేలుతో కలిపి, దిక్సూచి దిశ మార్చకుండా ఆ గీత వెంటే పోతే దాదాపు 5,960 కిలోమీటర్లు అవుతుంది. పటం మీద ఉత్తరానికి ఉబ్బి వంకరగా కనిపించే మహావృత్తం దానికంటే వంద కిలోమీటర్లు తక్కువ. భూమి నిండు గోళం కూడా కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కిలోమీటర్లయితే ధ్రువాల దగ్గర 6,357. ఈ నొక్కుడును లెక్కలోకి తీసుకున్న సూత్రానికీ, తీసుకోని సూత్రానికీ కొద్ది కిలోమీటర్ల తేడా వస్తుంది. టోక్యోకు రెండు అంతర్జాతీయ విమానాశ్రయాలున్నాయి. హనేడా ఊరిని ఆనుకునే ఉంటుంది, నరిటా అక్కడికి సుమారు అరవై కిలోమీటర్ల దూరం. కొలత ఏ బిందువు నుంచి ఏ బిందువుకో చెప్పకపోతే అంకె ఆ మేరకు మారుతుంది. ఇవన్నీ కలిపినా తేడా రెండు మూడు శాతానికి మించదు. పైగా ఇవి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సమానమే కనుక రెండు గంటల తేడాకు కారణం ఇక్కడ లేదు.

జ్యామితి చూపిన దారిలో విమానం నిజంగా పోతుందా అంటే అదీ లేదు. ఢిల్లీ నుంచి గీసిన మహావృత్తం ఈశాన్యంగా సాగి, ఉత్తరాఖండ్–నేపాల్ సరిహద్దు ప్రాంతంలో హిమాలయాలు దాటి, టిబెట్ పీఠభూమి ఎక్కి, ఉత్తర చైనా, కొరియాల మీదుగా 37వ అక్షాంశం దాకా వెళ్లి జపాన్‌లో దిగుతుంది. విమానం పదివేల మీటర్ల పైన ఎగురుతుంది కాబట్టి కొండలతో దానికేం పని అనిపించవచ్చు. అంతా సవ్యంగా ఉన్నంతసేపు పని లేదు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోయిందంటే మాత్రం పైలట్ వెంటనే మూడు వేల మీటర్ల ఎత్తుకు దిగాలి. పైనుంచి జారిపడే మాస్కుల్లో ఆక్సిజన్ సాధారణంగా పావుగంటకు కాస్త అటూ ఇటూ సరిపోతుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర వేల మీటర్లు. దిగవలసిన ఎత్తు అక్కడ నేల లోపల ఉంటుంది. ఒక ఇంజన్ ఆగితే ఎత్తు కోల్పోయే విమానానికీ ఇదే చిక్కు. అందుకే ఈ మార్గపు విమానాలు సాధారణంగా గంగా మైదానం వెంట తూర్పుకు వచ్చి, మయన్మార్ ఉత్తర భాగం దాటి, చైనాలోని యున్నాన్‌లో ప్రవేశించి, అక్కడి నుంచి ఈశాన్యానికి తిరుగుతాయి. యున్నాన్ రాజధాని కున్మింగ్ దగ్గర ఒక్క మలుపు పెట్టి లెక్కిస్తే దూరం సుమారు 6,280 కిలోమీటర్లు వస్తుంది. అంటే కొండల వల్ల నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు, దాదాపు అరగంట పెరిగాయి. ఈ అరగంట కూడా రెండు వైపులా పడేదే.

రెండు వైపులా సమానం కానిది ఏమిటని అడిగితే చాలామందికి ముందు తోచే జవాబు భూభ్రమణం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, గాల్లోకి లేచిన విమానం కింద నేల జరిగిపోవడం వల్ల ఈ తేడా వస్తోందేమో అన్నది ఆ ఆలోచన. ఇది నిజమైతే లాభం ఎవరికి రావాలో చూడండి. నేల తూర్పుకు జరుగుతూ ఉంటే పడమర వైపు పోయే విమానానికి గమ్యం ఎదురొస్తుంది. కాబట్టి టోక్యో నుంచి ఢిల్లీకి త్వరగా చేరాలి. జరుగుతున్నది సరిగ్గా దానికి విరుద్ధం. అసలు ఢిల్లీ రన్‌వే మీద నిలబడి ఉన్న విమానం కూడా భూమితో పాటు గంటకు దాదాపు 1,470 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతూనే ఉంది. దాని చుట్టూ ఉన్న గాలీ అంతే. పైకి లేచినంత మాత్రాన ఆ వేగం ఎక్కడికీ పోదు. నేలతో పాటు వాతావరణం కూడా తిరుగుతున్నప్పుడు ఆ తిరుగుడు నేరుగా ఎవరికీ లాభమూ కాదు, నష్టమూ కాదు. భూభ్రమణానికి ఈ కథలో పాత్ర లేదని మాత్రం అనుకోనక్కర్లేదు. దాని ప్రభావం విమానం మీద నేరుగా పడదు, గాలి ద్వారా పడుతుంది.

సూర్యుడి వేడి భూమధ్యరేఖ ప్రాంతానికి ఎక్కువ, ధ్రువాలకు తక్కువ. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. అందుచేత పది కిలోమీటర్ల ఎత్తున దక్షిణాన పీడనం ఎక్కువగా, ఉత్తరాన తక్కువగా ఉంటుంది. గాలి ఉత్తరానికి ప్రవహించబోతుంది. తిరుగుతున్న భూమి మీద కదిలే ప్రతి వస్తువూ ఉత్తరార్ధగోళంలో తన కుడివైపుకు మళ్లుతుంది కనుక ఆ గాలి చివరికి పడమర నుంచి తూర్పుకు పారే ప్రవాహమవుతుంది. ఉష్ణోగ్రత తేడా ఎంత తక్కువ దూరంలో ఎంత ఎక్కువగా ఉంటే ఆ ప్రవాహం అంత ఉద్ధృతం. ఇదే జెట్ స్ట్రీమ్. చలికాలంలో గడ్డకట్టిన సైబీరియా ఒకవైపు, వెచ్చటి పశ్చిమ పసిఫిక్ మరోవైపు ఉండే తూర్పు ఆసియాలో ఈ తేడా ఎంతో తీవ్రం. టిబెట్ పీఠభూమికి దక్షిణంగా ఉత్తర భారతం మీదుగా వచ్చే పాయ, ఉత్తరం నుంచి వచ్చే పాయ తూర్పు చైనా దాటాక కలిసిపోతాయి. ఫలితంగా చలికాలంలో జపాన్ పరిసరాల్లో పైఎత్తు గాలి సగటు వేగమే సెకనుకు 70 మీటర్ల దాకా, అంటే గంటకు 250 కిలోమీటర్ల దాకా ఉంటుంది. భూమి మీద ఇంత బలంగా, ఇంత నిలకడగా వీచే జెట్ స్ట్రీమ్ మరొకటి లేదు. ఢిల్లీ–టోక్యో మార్గం ఈ ప్రవాహం ఒడిలోంచే సాగుతుంది. టిబెట్‌ను తప్పించుకుని దక్షిణంగా తిరిగినా ఉత్తర భారతం మీది పాయ అక్కడ ఉండనే ఉంది.

ఈ గాలిని పద్ధతిగా కొలిచిన తొలి శాస్త్రవేత్తల్లో ఒకరు టోక్యోకు ఈశాన్యాన తతేనో పరిశోధనశాలను నడిపిన వాసబురో ఓయిషి. 1923 నుంచి ఆయన బెలూన్లను వదిలి, అవి కొట్టుకుపోయే తీరును దుర్భిణీ యంత్రంతో వెంబడించి, వందల సంఖ్యలో కొలతలు తీశారు. చలికాలంలో తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 70 మీటర్లు దాటిన గాలి ఆయన లెక్కల్లో నమోదైంది. 1926లో ఫలితాలను ప్రపంచమంతా చదవాలన్న ఉద్దేశంతో ఎస్పెరాంటో భాషలో ప్రచురించారు. బయట పట్టించుకున్నవారు దాదాపు లేరు. 1944 నవంబర్‌లో మరియానా దీవుల నుంచి టోక్యో మీదికి వచ్చిన అమెరికా బీ-29 బాంబర్లకు తొమ్మిది వేల మీటర్ల ఎత్తున గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి తగిలింది. గురి కుదరక చాలా బాంబులు లక్ష్యానికి దూరంగా పడ్డాయి. అదే నెలలో జపాన్ సైన్యం అదే గాలిని వాడుకుంటూ బాంబులు కట్టిన కాగితపు బెలూన్లను పసిఫిక్ అవతలికి వదలడం మొదలుపెట్టింది. కొన్ని నెలల్లో తొమ్మిది వేలకు పైగా వదిలింది. ప్రయాణికుల విమానాలకు ఈ పాఠం 1952 నవంబర్‌లో అందింది. పాన్ యామ్ సంస్థ టోక్యో నుంచి హొనొలులూకు 7,600 మీటర్ల ఎత్తున, జెట్ స్ట్రీమ్‌ను పట్టుకుని విమానం నడిపింది. పద్దెనిమిది గంటల ప్రయాణం పదకొండున్నర గంటలకు తగ్గింది. ఇంజన్ మారలేదు, నేల మీది దూరమూ మారలేదు. విమానం చుట్టూ ఉన్న గాలి మాత్రమే మారింది.

ఇప్పుడు లెక్కకు రావచ్చు. గోదావరిలో పడవ వాలుకు పోతే ఒక వేగం, ఎదురెక్కితే మరో వేగం. తెడ్డు వేసేవాడి శ్రమ నీటితోనే గాని గట్టుతో కాదు. విమానానిదీ అదే పరిస్థితి. రెక్కలకు పట్టు ఇచ్చేది చుట్టూ ఉన్న గాలే, ఇంజన్ ఇంధనం ఖర్చుపెట్టి తోసేదీ దాన్నే. గంటకు 900 కిలోమీటర్లన్నది గాలితో పోల్చిన వేగం. దారి పొడవునా సగటున గంటకు 120 కిలోమీటర్ల పడమటి గాలి ఉందనుకుందాం. చలికాలానికి ఇది పెద్ద అంకె ఏమీ కాదు. తూర్పుకు పోయేటప్పుడు నేల మీది వేగం 1,020 కిలోమీటర్లు. కున్మింగ్ మీదుగా 6,280 కిలోమీటర్లకు 6 గంటల 9 నిమిషాలు పడుతుంది. వచ్చేటప్పుడు వేగం 780 కిలోమీటర్లు, కాలం 8 గంటల 3 నిమిషాలు. రన్‌వే దాకా నడవడం, పైకెక్కడం, దిగడం, గేటు చేరడం కలుపుకుంటే టైమ్ టేబుల్‌లోని అంకెల దగ్గరికి వచ్చేస్తాం. ఈ గంటలను 900తో గుణించి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. పోయేటప్పుడు విమానం గాలిలో దాటింది సుమారు 5,540 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 7,250. ఒకే నేలదారికి గాలిలో 1,700 కిలోమీటర్ల తేడా, ఇంచుమించు ఢిల్లీ నుంచి చెన్నైకి ఉన్నంత దూరం. ఇది మాటల గారడీ కాదు. విమానంలో ఎంత ఇంధనం నింపాలో తేల్చే ఫ్లైట్ ప్లాన్‌లో గ్రౌండ్ డిస్టెన్స్, ఎయిర్ డిస్టెన్స్ అని ఈ రెండింటినీ విడివిడిగానే లెక్కిస్తారు. ఇంధనపు లెక్క రెండో దాని వెంట నడుస్తుంది.

పోయేటప్పుడు కలిసొచ్చినది వచ్చేటప్పుడు పోతుంది, మొత్తం మీద సరికి సరి కదా, దీనికింత చర్చ ఎందుకని ఎవరైనా అనవచ్చు. పై అంకెలను కూడితే ఆ అభ్యంతరం నిలవదు. గాలి అసలు లేకపోతే రానుపోను 13 గంటల 57 నిమిషాలు. గాలితో 14 గంటల 12 నిమిషాలు. పావుగంట నష్టం. కారణం తేలికే. వెనుకగాలి తోడ్పడేది ఆరు గంటలే, ఎదురుగాలి అడ్డుపడేది ఎనిమిది గంటలు. అడ్డంకి ఎప్పుడూ సాయం కంటే ఎక్కువసేపు ఉంటుంది. ఇటువంటి నిలకడ గాలిలో ఒకే దారిన వెళ్లి వచ్చే విమానానికి మొత్తం మీద నష్టమే. గాలి వేగం రెట్టింపయితే ఆ నష్టం రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లు దాటుతుంది.

ఇంకొక అభ్యంతరం దీనికంటే గట్టిది. టైమ్ టేబుల్‌లో చూపేది గేటు నుంచి గేటుకు పట్టే బ్లాక్ టైమ్. ఆలస్యం ముద్ర పడకుండా సంస్థలు అందులో కాస్త వెసులుబాటు కలుపుకుంటాయి. ఢిల్లీ రద్దీ వేరు, టోక్యో రద్దీ వేరు. కాబట్టి రెండు గంటల తేడాలో గాలి వాటా ఎంతో, కాగితపు లెక్కల వాటా ఎంతో ఎలా తెలుస్తుంది? కొంత వాటా వాటిదీ ఉంటుందని ఒప్పుకోవలసిందే. కాని గాలి వాటాను వేరుచేసి చూపే పరీక్షలు రెండున్నాయి. మొదటిది రుతువు. వేసవిలో ఆసియా ఖండం వేడెక్కగానే ఉత్తర దక్షిణాల మధ్య ఉష్ణోగ్రత తేడా తగ్గుతుంది. తూర్పు ఆసియా జెట్ స్ట్రీమ్ బలహీనపడి 40వ అక్షాంశం వైపు జరుగుతుంది. అప్పుడు రానుపోను కాలాల మధ్య తేడా కూడా తగ్గుతుంది. విమానాశ్రయపు రద్దీయే కారణమైతే రుతువుతో పాటు ఇలా మారవలసిన పని లేదు. రెండోది అక్షాంశం. హైదరాబాద్–సింగపూర్ మార్గం సుమారు 3,300 కిలోమీటర్లు. అది ఉష్ణమండలంలోనే సాగుతుంది, పడమటి జెట్ స్ట్రీమ్ ధాటి అక్కడికి రాదు. అందుకు తగ్గట్టే రెండు వైపులా కాలం దాదాపు సమానం. అక్కడికీ ఒక మెలిక ఉంది. వర్షాకాలంలో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు వీచే జెట్ స్ట్రీమ్ ఏర్పడుతుంది. టిబెట్ పీఠభూమి ఎండకు వేడెక్కడం దానికి ముఖ్య కారణాల్లో ఒకటి. దాన్ని 1950లలో వివరించి ప్రపంచానికి తెలియజెప్పినవారు, తరువాతి కాలంలో భారత వాతావరణ శాఖకు అధిపతి అయిన పంచేటి కోటేశ్వరం. ఆ గాలి బలంగా ఉన్నప్పుడు మన అక్షాంశాల్లో ఎదురుగాలి తూర్పుకు పోయేవారికే తగులుతుంది. తూర్పుకు పోతే త్వరగా చేరతామన్నది ప్రకృతి నియమమేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. గాలి ఎటు వీస్తే లాభం అటే.

గాలే ఇంత చేస్తుంటే దాన్ని తప్పించుకుని పోవచ్చు కదా అన్న ప్రశ్న మిగిలింది. వీలున్నచోట అదే చేస్తారు. జపాన్–అమెరికాల మధ్య పసిఫిక్ మీద ఆనాటి గాలిని బట్టి ప్రతిరోజూ కొత్త దారులు గీస్తారు. తూర్పుకు పోయే విమానాలను జెట్ స్ట్రీమ్ గర్భంలోకి పంపి, పడమరకు వచ్చేవాటిని దానికి దూరంగా నడిపిస్తారు. నేల మీద వందల కిలోమీటర్లు ఎక్కువైనా గాలిలో తక్కువైతే అదే దగ్గరి దారి. ఢిల్లీ–టోక్యో మార్గానికి అంత వెసులుబాటు లేదు. ఉత్తరాన టిబెట్ ఉంది. చైనా మీద విమానాలు నిర్దేశించిన మార్గాలను పట్టుకునే పోవాలి. ఆకాశానికి కనిపించని గోడలుంటాయి. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసినప్పుడు ఇండిగో సంస్థ ఢిల్లీ–తాష్కెంట్, ఢిల్లీ–అల్మాటి సర్వీసులను ఆపేయవలసి వచ్చింది. చుట్టూ తిరిగి వెళ్లాల్సిన దూరం ఆ మార్గంలో నడిపే విమానాల శక్తికి మించిపోయింది. జ్యామితి ప్రకారం ఢిల్లీకి తాష్కెంట్ 1,600 కిలోమీటర్లే, టోక్యో దూరంలో మూడో వంతు కన్నా తక్కువ. ఆ రోజుల్లో మన విమానానికి టోక్యో అందింది, తాష్కెంట్ అందలేదు.

ఇన్ని మార్పుల మధ్య విమానం ఎప్పుడు చేరుతుందో నిమిషాల తేడాతో ఎలా చెప్పగలుగుతున్నారన్నదీ సహజమైన సందేహమే. ఓయిషి వదిలిన బెలూన్ల వారసులు ఇప్పుడు ప్రపంచమంతటా వందల కేంద్రాల నుంచి రోజుకు రెండుసార్లు లేస్తాయి. మన దేశంలో వాటి ప్రామాణిక సమయాలు తెల్లవారుజామున ఐదున్నర, సాయంత్రం ఐదున్నర. ఉపగ్రహాలు మేఘాల కదలికను చూసి గాలివేగం చెబుతాయి. ఎగురుతున్న విమానాలే తమకు తగిలిన గాలినీ ఉష్ణోగ్రతనూ ఎప్పటికప్పుడు కిందికి పంపుతాయి. వీటన్నిటి మీద ఆధారపడి లండన్, వాషింగ్టన్‌లలోని రెండు ప్రపంచ కేంద్రాలు విమానయానం కోసం పైఎత్తు గాలుల అంచనాలు తయారుచేస్తాయి. విమాన సంస్థ డిస్పాచర్ ఆ అంచనాను దారి పొడవునా పరిచి ప్రతి ముక్కకూ కాలం, ఇంధనం లెక్కిస్తాడు. అదే మార్గం, అదే విమానం అయినా నిన్నటి ఫ్లైట్ ప్లాన్ ఇవాళ చెల్లకపోవడానికి కారణం ఇదే. ఎదురుగాలి మరీ బలంగా ఉన్న రోజున నింపే ఇంధనం బరువు పెరిగి, మొత్తం బరువు పరిమితిని తాకితే సరుకు తగ్గించుకోవలసి వస్తుంది.

దూరం అనేది నిలకడగా ఉండే సంఖ్య అన్న నమ్మకం నేల మీది ప్రయాణాల నుంచి వచ్చింది. రోడ్డు కదలదు, రైలు పట్టా కదలదు కాబట్టి అక్కడ ఆ నమ్మకంతో ఇబ్బంది రాలేదు. ఆకాశంలో ప్రయాణించే మాధ్యమమే కదులుతుంది. అందుచేత 5,860 కిలోమీటర్లన్న అంకె తప్పు కాకపోయినా చాలా అసంపూర్ణం. భూమి మీద ఆ రెండు నగరాల స్థానాలను అది చెబుతుంది, అక్కడికి చేరడానికి పడే శ్రమను చెప్పదు. ఆ శ్రమ తెలియాలంటే నేలదూరంతో పాటు మరి మూడు విషయాలు అడగాలి: ఏ దిక్కుగా, ఏ రుతువులో, ఏ గగనతలం మీదుగా? ఖర్చు, కాలం, ఇంధనంతో పాటు వెలువడే కాలుష్యం అన్నీ ఈ మూడింటి మీదే ఆధారపడతాయి. ఒక్కో ప్రయాణికుడి వంతు కార్బన్‌ను చాలా చోట్ల నేలదూరాన్ని గుణించి తేలుస్తుంటారు. ఆ లెక్క ప్రకారం టోక్యోకు పోయినా టోక్యో నుంచి వచ్చినా భారం ఒకటే. విమానం ట్యాంకులు ఆ సమానత్వాన్ని ఒప్పుకోవు. విమానయానపు భారాన్ని నిజాయితీగా కొలవాలనుకునేవారు ముందు గాలిలోని దూరాన్ని కొలవడం అలవాటు చేసుకోవాలి.